వాయించడానికా, పెట్టుకోడానికా?

వత్సవాయిలో మా పెద్దింటికి ఒక అటక ఉంది. రాగి గంగాళాలు, విరిగిన ఉయ్యాల బల్ల, ఎవరి పెళ్లినాటిదో తెలియని ట్రంకుపెట్టె, ఇలా పారేయడానికి మనసొప్పని వస్తువులన్నీ అక్కడికే చేరతాయి. మనసొప్పదు అంటున్నాను గాని, చెప్పొద్దూ, అందులో సగం బద్ధకమే. ఆ అటక మీద, పాత నేతచీరలో చుట్టి, ఇరవయ్యేళ్లు పడి ఉంది మా అత్తగారి వీణ.

ఎక్కించింది నేనే. అప్పటికి నేనింకా కొత్తకోడలినే. పిల్లవాడికి ఉయ్యాల వేయడానికి గదిలో చోటు కావలసి వచ్చింది. "దీన్ని పైన పెట్టించనా, అత్తయ్యా?" అని అడిగాను. "పెట్టించమ్మా, ఎవరు వాయిస్తున్నారు గనక" అన్నారావిడ. నవలలు రాసుకునే నేను, పాత్రలు ఒక మాట అంటే దాని వెనక పది మాటలు వెతికే నేను, ఆ రోజు ఆవిడ మాట వెనక ఏముందో వెతకలేదు. ఉయ్యాల బాగా పట్టింది, అంతే.

మొన్న ఆవిడ సంవత్సరీకాలకి అందరం చేరినప్పుడు కిందికి దించాం. సొరబుర్రని ఎలుకలు కొరికేశాయి. బిరడాలు రెండు విరిగాయి. మెట్లని పట్టి ఉంచే మైనం ఎండి పెళ్లలుగా రాలింది. కొయ్య మాత్రం చెక్కుచెదరలేదు. ఏకాండి వీణ అది. కుండ, దండి విడివిడిగా చేసి అతికించింది కాదు, ఒకే పనసమానులోంచి తొలిచింది.

"చక్కగా పాలిష్ పట్టించి ఇచ్చెయ్, హైదరాబాదులో మా హాల్లో అద్దాల బీరువా చేయిస్తాను" అంది మా ఆడపడుచు. తప్పు పట్టడానికేం లేదు, వాళ్లమ్మ వస్తువు. అయినా నాకు చివుక్కుమంది. "పాలిష్ వద్దు వదినా, ఉన్నది ఉన్నట్టు ఉంచుదాం" అన్నాను. ఆ మాట నా సొంతం కాదు. మా బావగారి అబ్బాయి నేర్పినది.

ఆ అబ్బాయి అమెరికాలో ఉంటాడు. పాత ఎలక్ట్రిక్ గిటారొకటి కొని బాగుచేసుకుంటున్నాడు. 1950ల్లో ఫెండర్, గిబ్సన్ కంపెనీలు చేసిన గిటార్లంటే అక్కడివాళ్లకు వల్లమాలిన మోజట. 1959 నాటి గిబ్సన్ లెస్ పాల్ అయితే లక్షల డాలర్లు పలుకుతుందట. వింత ఏమిటంటే, వెలిసిపోయిన రంగు మీద కొత్త రంగు వేశారా, ధర దాదాపు సగానికి పడిపోతుంది. స్క్రూలు కూడా పాతవే ఉండాలి. తీగల కింద అయస్కాంతాలుంటాయి, వాటి చుట్టూ వెంట్రుకంత సన్నని రాగితీగ కొన్ని వేల చుట్లు తిరిగి ఉంటుంది. తీగల కదలికని కరెంటుగా మార్చేది అదే. ఆ రాగితీగ తెగితే గిటారు మూగబోతుంది. మళ్లీ చుట్టిస్తే పలుకుతుంది. "కానీ అప్పుడది అదే గిటారా, పిన్నీ?" అన్నాడు ఫోన్లో, ఎంతో దిగులుగా.

నేను బి.ఎ.లో ఫిలాసఫీ చదివాను లెండి, ఎలా చదివానని అడక్కండి. ఈ ప్రశ్న పాతదే. మిళిందుడనే గ్రీకు రాజుని నాగసేనుడనే భిక్షువు అడుగుతాడు: ఇరుసు రథమా? చక్రాలు రథమా? కాడి రథమా? ఏదీ కాదంటాడు రాజు. మరి రథమెక్కడ? మా జగ్గయ్యపేటలో కూడా పాత బౌద్ధ స్తూపం ఉంది గనక, ఇలాంటి వాదాలు మా గాలికి కొత్తేం కాదనుకుంటాను.

సరే, వీణని కారులో పడుకోబెట్టుకుని నందిగామ మీదుగా నూజివీడు వెళ్లాం. బొబ్బిలి వీణ పేరు విననివాళ్లుండరు గాని, నూజివీడులోనూ తరాలుగా వీణలు చేసేవాళ్లున్నారు. (ఒకప్పుడు రెండూళ్లూ కృష్ణా జిల్లావే. 2022లో మాది ఎన్టీఆర్ జిల్లాలోకీ, అది ఏలూరు జిల్లాలోకీ పోయాయి. వీణకి ఆ సంగతి తెలియదు.)

ఆ పెద్దాయన చీర విప్పి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చూపుడువేలితో మెట్లు ఒక్కొక్కటే తడిమాడు. మొత్తం ఇరవై నాలుగు. తంజావూరు రఘునాథ నాయకుడి కాలంలో ఇలా స్థిరపరిచారంటారు, అంతకుముందు మెట్లు రాగాన్ని బట్టి జరిపేవారట. ఒక చోట ఆయన వేలు ఆగింది. తీగ ఒరిపిడికి ఇత్తడి మీద గాడి పడింది. "ఈవిడ బాగా వాయించినావిడమ్మా. ఊరికే పడవు ఇంత లోతు గాళ్లు" అన్నాడు.

నేను ఆవిడతో కలిసి ఇరవయ్యేళ్లు పైగా వంట చేశాను. ఆ సంగతి నాకు చెప్పడానికి నూజివీడులో ఒక పరాయి మనిషి కావలసి వచ్చింది.

"ఏదీ మార్చకుండా బాగుచేయగలరా?" అన్నాను. ఆయన నవ్వలేదు, విసుక్కోలేదు. "వాయించడానికా, పెట్టుకోడానికా?" అన్నాడు. వాయించాలంటే ఈ మెట్లు పనికిరావు, తీగ గాడిలో పడి సరిగా జారదు, గమకం పలకదు. ఆకురాయి పెట్టి అరగదీస్తే సరిపోయే లోతు కాదు. కొత్త మెట్లు వేయాలి, బొగ్గుపొడి కలిపిన మైనం మీద మేళం కట్టాలి. పెట్టుకోడానికైతే ఏమీ చేయనక్కర్లేదు.

అంటే, ఆవిడ వేళ్ల గుర్తులు ఉంచాలంటే వీణ మూగగా ఉండాలి. పలకాలంటే అవి పోవాలి. నాగసేనుడు కూడా రథాన్ని ముక్కలు చేసే ముందు రాజుని అడిగిందొకటుంది: నడిచి వచ్చావా, రథమెక్కి వచ్చావా అని.

అక్కడి బల్ల మీద కూర్చుని, చాలాకాలానికి నా మనసుని నేను కాస్త నిజాయితీగా తడిమి చూసుకున్నాను. ఏదీ చెరపకూడదన్న నా పట్టుదలలో ఆవిడ మీద గౌరవం ఎంత? అటక ఎక్కించిన చేతుల భయం ఎంత? ఆవిడ బతికుండగా ఒక్కసారి కిందికి దించి, "వాయించండత్తయ్యా" అని ఉంటే సరిపోయే పనికి, ఇప్పుడు దుమ్ముని కూడా పవిత్రంగా దాచిపెట్టబోయాను. ఆడపడుచు అడిగిన అద్దాల బీరువాకీ, నా 'ఉన్నది ఉన్నట్టు'కీ పెద్ద తేడా లేదు. రెండూ అటకలే.

"వాయించడానికే" అన్నాను.

రెండు నెలల తర్వాత తెచ్చుకున్నాం. బుర్ర కొత్తది, మెట్లు కొత్తవి, బిరడాలు రెండు కొత్తవి. దండి మీద ఎడమచెయ్యి రాసుకుని నునుపెక్కిన చోట మాత్రం పాలిష్ తగలనివ్వలేదాయన. నేను చెప్పకుండానే.

ఇప్పుడు మా చిన్నది పొద్దున్నే సరళీ స్వరాలు వాయిస్తోంది. ఆ అపస్వరాలు వింటూ కూర గరిటె తిప్పడం ఎంత కష్టమో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. ఒక్కోసారి ఆపమని అరవబోయి, నోరు మూసుకుంటాను.

పాత మెట్లు ఇరవై నాలుగూ కాగితంలో పొట్లం కట్టి ఇచ్చాడు. మొన్న వదిన వస్తే చెరి సగం పంచుకుందామన్నాను. పన్నెండు మెట్లంటే ఒక స్థాయి. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, కిటికీ దగ్గర వెలుగులో కూర్చుని, గాళ్లు పడ్డవన్నీ ఏరుకుని తీసుకుపోయింది. నాకు నున్నగా ఉన్నవి మిగిలాయి.