గుణం ఎక్కడ ఉంటుంది?

స్టెయిన్‌లెస్ స్టీలులో బాగా వాడుకలో ఉన్న 304 రకంలో ఇనుముతో పాటు సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. ఇంకొనెల్ 718 అనే మిశ్రలోహంలో సగానికి పైగా నికెలే, ఓ ఐదు శాతం నియోబియం. జెట్ ఇంజన్ల డిస్కులు దీంతో చేస్తారు, హైదరాబాదులోని మిశ్రలోహాల సంస్థ మిధాని కూడా ఈ లోహాన్ని తయారు చేస్తుంది. రెండింట్లో ఏది గట్టిదని అడిగితే ఇంజనీరు తిరిగి అడుగుతాడు: ఎంత వేడిలో, ఎంత బరువు కింద, ఎన్నాళ్లు? ఇది మాట దాటేయడం కాదు, తత్త్వశాస్త్రం తేల్చవలసిన ప్రశ్న. గుణం ద్రవ్యంలో సమవాయ సంబంధంతో, అంటే విడదీయరాని బంధంతో, ఉంటుందని తార్కికుల మాట. ‘తర్కసంగ్రహం’ రాసిన మన అన్నంభట్టు గుణాలు 24 అని లెక్క కూడా చెప్పాడు. మరి ఈ బలం ఏ ద్రవ్యంలో ఉన్నట్టు?

నికెల్‌లో ఉందంటే కుదరదు. 718ని బాగా కాచి చప్పున చల్లార్చితే దాని బలం ఒక మోస్తరే. అదే ముక్కను 720 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఎనిమిది గంటలు, ఆపైన 620 దగ్గర మరో ఎనిమిది గంటలు ఉంచితే, శాశ్వతంగా వంగిపోకుండా అది ఓర్చుకునే ఒత్తిడి దాదాపు రెట్టింపవుతుంది. కొత్త పరమాణువు చేరలేదు, ఉన్నది పోలేదు. అక్కడక్కడ చెదిరి ఉన్న నియోబియం నికెల్‌తో కలిసి అతిసూక్ష్మ రేణువులుగా ఏర్పడి, పొర మీద పొర జారకుండా అడ్డుకుంటోంది. పచ్చికుండ ఆవంలో ఎర్రబడే తీరు మీద మనవాళ్లు చేసిన వాదం ఇక్కడ పనికొస్తుంది. కుండ పరమాణువులుగా విడిపోయి, అవి పాకం చెంది మళ్లీ కూడుకుంటాయని వైశేషికుల పీలుపాకం. విడిపోకుండా కుండ కుండగానే మారుతుందని నైయాయికుల పిఠరపాకం. 718 ఇద్దరికీ లొంగదు. పరమాణువులు మారలేదు, అలాగని మార్పు పైపైనా జరగలేదు. మారింది వాటి కూర్పు. బలం ఉన్నది ఆ కూర్పులో. (వేడి వల్ల పుట్టే పాకజ గుణాలు పృథివికే పరిమితమనీ, బంగారం వంటివి తేజస్సనీ వాళ్లు గీసిన గీత నిలవలేదు. ప్రశ్న మాత్రం నిలిచింది.)

స్థితిస్థాపకత మాటేమిటని అడగవచ్చు. రెండు లోహాలకూ ఆ గుణకం 200 గిగాపాస్కల్ దరిదాపుల్లోనే ఉంటుంది, ఎలా కాచినా పెద్దగా మారదు. నిజమే, అది పరమాణు బంధాల నుంచి వచ్చేది. సమవాయానికి అంతవరకు చోటివ్వాలి. కానీ ఈ రెండింటినీ వేరుచేసేది ఆ గుణం కాదు. కరిగే వేడి కూడా కాదు: 718 సుమారు 1260 దగ్గరే కరగడం మొదలెడుతుంది, 304 దాదాపు 1400 దాకా ఆగుతుంది. అయినా 650 దగ్గర భారీ బరువు మోయగలిగేది 718. గుణం పరిస్థితిని బట్టి ఉంటే ఇక సత్యమేదనేది రెండో ఆక్షేపం. ఆధారపడిందంతా అసత్యమని బౌద్ధ తాత్త్వికుడు నాగార్జునుడు కూడా అనలేదు. దానికి స్వతంత్రమైన స్వభావం లేదన్నాడు, అంతే. ఆ వేడిలో, ఆ బరువు కింద 304 సాగిపోవడం చూసేవాడి ఇష్టాన్ని బట్టి జరిగేది కాదు. 718 కూర్పు కూడా శాశ్వతం కాదు. 650 దాటిన వేడిలో చాలాకాలం ఉంచితే ఆ రేణువులు ముదిరి, వేరే రూపంలోకి మారి, లోహం మెత్తబడుతుంది.