‘వద్దు’ అనే బటన్

2022 మే 24న, జిల్లా పేరు మార్పు గొడవ అమలాపురంలో ఇళ్లు తగలబెట్టేదాకా వెళ్లింది. ఆ వెంటనే ప్రభుత్వం కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ ఆపేసింది. ఇంటి నుంచి పనిచేసుకునే కుర్రాళ్లు ల్యాప్‌టాప్‌లు సంచుల్లో వేసుకుని, సిగ్నల్ వెతుక్కుంటూ జిల్లా దాటారు.

ఆ రోజుల్లో కాట్రేనికోనలో ఎవరైనా విండోస్ 11 హోమ్ ఉన్న కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కుని, ఇంట్లో మొబైల్ నెట్ తప్ప మరో దిక్కు లేకపోతే? మొదటిసారి ఆన్ చేయగానే అది నెట్ అడుగుతుంది. నెట్ ఇస్తే మైక్రోసాఫ్ట్ అకౌంట్ అడుగుతుంది. లేదంటే అక్కడే ఆగుతుంది. డబ్బు కట్టాం, బిల్లుంది, వస్తువు ఒళ్లోనే ఉంది. లోపలికి మాత్రం వెళ్లలేం.

తెలిసినవాళ్లకి దొడ్డిదారులు ఉండేవి, నల్లటి తెరలో ఒక ముక్క టైప్ చేస్తే సరిపోయేది. 2025 మార్చిలో ఆ ముక్కని, అక్టోబర్‌లో మిగతా దారుల్ని పరీక్షా వెర్షన్ల నుంచి తీసేస్తూ వచ్చారు.

కంపెనీ వాదనలో పస లేదనను. డిస్కుకి వేసిన తాళం తాలూకు రికవరీ కీ అకౌంట్‌లో దాచి ఉంటుంది. మదర్‌బోర్డు మార్చాల్సొచ్చిన రోజున పిల్లల ఫొటోలు దక్కేది దానివల్లే. అయినా, ఊరెళ్తూ తాళంచెవులు పక్కింటివాళ్లకి ఇవ్వడం మనకి కొత్తేం కాదు. “కాస్త కనిపెట్టుకుని ఉండండి పిన్నిగారూ” అని మనమే ఇస్తాం. తాళంచెవి నా చేతికివ్వకపోతే నువ్వు గృహప్రవేశమే చెయ్యడానికి వీల్లేదు అనే పక్కింటాయన్ని నేనైతే చూళ్లేదు.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో గూగుల్ అకౌంట్ లేకుండా ముందుకెళ్లొచ్చు, ప్లే స్టోర్ తెరుచుకోదంతే. అది నాకు న్యాయంగానే అనిపిస్తుంది. కొట్టువాడు ఖాతా అడగడం వేరు, మన గుమ్మం మనల్ని అడగడం వేరు.

“మీరే ఒప్పుకున్నారుగా” అంటారు. కాదనడానికి చోటు లేనప్పుడు ఔననడాన్ని ఒప్పుకోవడం అంటామా? ఎలాగో లోకల్ అకౌంట్‌తో లోపలికెళ్లినా, ‘మీ సెటప్ పూర్తి చేద్దాం’ అంటూ ఓ తెర వస్తుంది. అందులో ‘వద్దు’ ఉండదు, ‘మూడు రోజుల్లో గుర్తుచేయి’ ఉంటుంది. మూడు రోజులయ్యాక మళ్లీ వస్తుంది. విసుగొచ్చి నొక్కినదాన్ని కూడా సమ్మతి కిందే రాసుకుంటారు.

లైనక్స్ వేసుకోవచ్చుగా అంటారు మిత్రులు. నేనూ అంటుంటాను. పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో పెళ్లి శుభలేఖలు వేసుకునే డీటీపీ కుర్రాడి దగ్గరికెళ్లి ఆ మాట అని చూడండి.