హౌమై ఇంట్లో రోగమై కూర్చున్నప్పుడు



సాధ్ సంగత్ జీ, మన బస్తీలలో ఇంటింటికీ వెళ్ళి పిల్లలకు బాణీ నేర్పే సేవలో మాకు తరచుగా ఒక మాట వినబడుతుంది. "ఆయన గుణమే అంత, ఏం చేస్తాం జీ." ఈ మాట ఎక్కువగా బీబీలు అంటారు. గొంతు తగ్గించి, ఒకసారి వాకిలి వైపు చూసి అంటారు. ఆ గుణం ఏమిటని అడిగితే ఏ ఇంట్లోనైనా దాదాపు ఒకే జవాబు. పని ఎవరు చేసినా పేరు ఆయనకే రావాలి. తప్పు జరిగితే మాత్రం అది ఎప్పుడూ ఇంకొకరిది. భార్య జ్వరంతో పడుకుంటే, తన రొట్టె ఆలస్యమైందని కోపం. కొడుకు పరీక్ష పాసైతే బజారులో "నా కొడుకు" అని చెప్పుకుంటాడు, ఇంటికొచ్చి వాడితోనే "నా ముందు నువ్వెంత" అంటాడు. బయటివాళ్ళకు మాత్రం ఆయన అంత మర్యాదస్తుడు ఇంకొకడు లేడు. కొన్ని ఇళ్ళలో ఈ "ఆయన" స్థానంలో అత్తగారు ఉంటారు, పెద్దక్క ఉంటుంది. మగవాళ్ళలో ఎక్కువగా కనబడుతుందని వైద్యులు చెబుతారు గానీ ఇది మగవాళ్ళకే పరిమితం కాదు.

ఇలాంటి ఇళ్ళకు చుట్టాలు, పెద్దలు ఇచ్చే సలహా ఒక్కటే. "సహించు బేటీ, నిమ్రతా సిక్కుకు ఆభరణం." ఈ సలహాలో నిమ్రతా అన్న మాట తప్పు చోట పడిందని చెప్పడానికే ఈ కరపత్రం.

ముందు హౌమై సంగతి. "నేను, నాది" అనే ఈ పట్టు లేనివాళ్ళు మనలో ఎవరూ లేరు. ఆసా దీ వార్‌లో రెండో పాతషాహీ గురు అంగద్ దేవ్ జీ హౌమైని దీర్ఘమైన రోగమన్నారు, దాని మందు కూడా అందులోనే ఉందని చెప్పారు. గురువు కృప, శబదం మీద ధ్యాస, సేవ - ఆ మందు మనందరికీ పనికొస్తుంది. లంగర్‌కు ఫ్యాను ఇచ్చి, దాని రెక్కల మీద కూడా పేరు రాయించుకునేవాళ్ళకైతే రెండు పూటలా పనికొస్తుంది. కానీ అది మామూలు హౌమై. అలాంటివాళ్ళు నలుగురు నవ్వితే సిగ్గుపడతారు, మరుసటి రోజు తామే వచ్చి ఆ పేరు చెరిపేస్తారు.

వైద్యులు చెప్పేది ఇంకొకటి. దాని పేరు నార్సిసిస్టిక్ పర్సనాలిటీ డిజార్డర్, తెలుగులో స్వీయమోహ వ్యక్తిత్వ రుగ్మత అనవచ్చు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1980లో తన రోగాల పుస్తకంలో దీన్ని చేర్చింది. తొమ్మిది లక్షణాలు చెప్పి, వాటిలో కనీసం ఐదు ఉండాలంటుంది. అవి ఏదో ఒక కోపపు రోజున కనబడితే చాలదు. యౌవనం నాటి నుంచే, ఇంట్లోనూ పనిలోనూ స్నేహంలోనూ పాతుకుపోయి ఉండాలి. తాను అందరికంటే గొప్ప అనే నమ్మకం, ఎప్పుడూ పొగడ్త కావాలనే ఆకలి, తనకు ప్రత్యేక మర్యాద దక్కి తీరాలనే పట్టు, తన పని కోసం ఇతరులను వాడుకోవడం, అసూయ. అన్నిటికంటే ఇంట్లోవాళ్ళను కాల్చేది ఎదుటివాడి నొప్పి తనకు పట్టకపోవడం.

ఇంత గొప్పగా కనబడే మనిషి లోపల మాత్రం గట్టిగా ఉండడు. ఇది మన సిక్లీగర్లకు చెప్పడం తేలిక. ఉక్కును ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే గట్టిపడుతుంది. మళ్ళీ కొంచెం సెగ చూపించకుండా అలాగే వదిలేస్తే కత్తి చూడటానికి బాగానే ఉంటుంది, సాన మీద మెరుస్తుంది కూడా. కింద పడితే రెండు ముక్కలు. ఈ మనుషులదీ అదే పెళుసుతనం. "ఈసారి కొడవలి పిడి వదులుగా ఉంది మామా" అని పక్కింటి కుర్రవాడు అన్న చిన్న మాటకు నెల రోజులు మాట్లాడటం మానేస్తారు. లేదా ఇల్లంతా అదిరేలా అరుస్తారు. సైద్‌పూర్‌లో మలక్ భాగో సాఖీ మీకు తెలుసు. పాలు, నెత్తురు అన్న చోటే మనం ఆగిపోతాం. దానికి ముందు ఉన్నది చూడండి. ఊరంతా విందుకు వచ్చింది. ఒక్క గురు నానక్ జీ రాలేదు, వడ్రంగి భాయీ లాలో ఇంట్లో ఉన్నారు. వచ్చిన వందమంది భాగోకు లెక్కలోకి రాలేదు. రాని ఆ ఒక్కరే ముల్లులా గుచ్చుకున్నారు.

భాగోకు గానీ, ఇప్పుడు చెప్పబోయే పృథీ చంద్‌కు గానీ రోగం పేరు పెట్టడం మా పని కాదు. నాలుగు వందల ఏళ్ళ నాటి మనిషిని ఏ డాక్టరూ పరీక్షించలేడు. మన ఇంటి మనిషికి కూడా మనం పెట్టకూడదు. ఫోనులో తన ఫొటోలు తీసుకునే పిల్లకు, తాగి అరిచే తమ్ముడికి ఈ పేరు తిట్టులా అంటించవద్దు. ఆ మాట చెప్పాల్సింది వైద్యుడే. కానీ ఇలాంటి నడతతో కలిసి బతకడం ఎలాగో గురు ఘర్ చూపించింది.

1581లో గురు రామ్ దాస్ జీ గురుగద్దీని తన చిన్న కొడుకు అర్జన్ దేవ్ జీకి ఇచ్చారు. పెద్ద కొడుకు పృథీ చంద్ పనిమంతుడు, లెక్కలు చూసేవాడు, అది తనకే రావాలనుకున్నాడు. తమ్ముడు లాహోర్ నుంచి తండ్రికి రాసిన చీటీలను అతడు దాచేశాడని సాఖీలు చెబుతాయి. తండ్రి నచ్చచెప్పారు. సారంగ రాగంలో ఆయన శబదాన్ని ఈ సందర్భానికే చెందినదిగా మన పరంపర చెబుతుంది. ఆ మాట అతని చెవికెక్కలేదు. గురువు చెప్పినా ఎక్కని చెవికి మన ఒక్కరి వేడుకోలు ఎక్కలేదని ఏ బీబీ తనను తాను నిందించుకోవద్దు.

అర్జన్ దేవ్ జీ ఏం చేశారు? ఇళ్ళ రాబడి అన్నకు వదిలేశారు. డబ్బు మీద పంతం పెట్టుకోలేదు. తిట్టుకు తిట్టు అనలేదు. అయితే తండ్రి అప్పగించిన బాధ్యతను అన్న కోపానికి భయపడి ఇచ్చేయలేదు. అమృత్‌సర్ వదిలి వడాలీ వెళ్ళి ఉన్నారు. 1595లో హర్‌గోబింద్ జీ పుట్టింది అక్కడే. సంగత్‌ను దారిలోనే తిప్పుకుంటూ కానుకలు వేరే చేతుల్లోకి పోతుంటే, భాయీ గుర్దాస్ జీ, బాబా బుడ్ఢా జీ పిప్లీ దగ్గర నిలబడి వచ్చేవాళ్ళకు నిజం చెప్పారు. ఇంటి పరువు పోతుందని దాచలేదు. బిడ్డ ప్రాణానికి ముప్పు వచ్చినప్పుడు కాపలా కాశారు.

మూడో పాతషాహీ సాఖీని కూడా మనం సగంలో ఆపేస్తాం. దాతూ జీ కాలితో తన్నితే గురు అమర్ దాస్ జీ "నా ముసలి ఎముకలు మీ పాదానికి నొప్పి కలిగించాయేమో" అన్నారని చెప్పి, చూడు బేటీ, అలా ఉండాలి అంటాం. ఆ తరువాత ఆయన గోయింద్‌వాల్ వదిలి బాసర్కే వెళ్ళిపోయారు. తలుపు మూసుకున్నారు. రోజూ తన్నించుకుంటూ అక్కడే కూర్చోలేదు. ఆ నిమ్రతా ఆయన తనకు తానుగా ఎంచుకున్నది, ఇంకొకరు మెడ వంచి చేయించింది కాదు.

ఈ రోగం ఎందుకు వస్తుందంటే ఒకే కారణం లేదు. పుట్టుకతో వచ్చే స్వభావం కొంత, పెంపకం కొంత. అదే పనిగా ఆకాశానికెత్తి పెంచినా, అదే పనిగా అవమానించి పెంచినా బిడ్డ లోపల పగులు రావచ్చు. అందుకే ఆ మనిషి మీద దయ ఉండాలి. ఆయన లోపల కూడా సుఖం లేదు. దీనికంటూ ప్రత్యేకమైన మాత్ర లేదు. నెలలు, ఏళ్ళు వైద్యుడితో కూర్చుని మాట్లాడటమే చికిత్స. దిగులు, నిద్రలేమి తోడైతే వాటికి మందులు ఇస్తారు. ఈ మనుషులు "నాకేం రోగం" అంటారు, తమంతట తాము రారు. వ్యాపారం మునిగినప్పుడు, భార్య వెళ్ళిపోయినప్పుడు, తాగుడు ముదిరినప్పుడు కుంగిపోయి వస్తారు. ఆ సమయంలో చనిపోతాననే మాట అంటే బెదిరింపు అని కొట్టిపారేయవద్దు.

"నీకు రోగం ఉంది, పద" అంటే ఎవరూ కదలరు. "నిద్ర పట్టడం లేదంటున్నారుగా, ఒకసారి చూపిద్దాం" అంటే కొందరైనా వస్తారు. అరుస్తున్నప్పుడు వాదించడం దండగ. చల్లబడ్డాక ఒక్క మాట చెప్పండి. "పిల్లల ముందు ఇలా అంటే నేను ఆ గదిలో ఉండను." చెప్పినట్టే లేచి వెళ్ళండి. పిల్లలకు విడిగా చెప్పండి, "తప్పు నీది కాదు" అని. గ్రంథీలకు, కమిటీ పెద్దలకు మా విన్నపం వేరే ఉంది. ఒక బీబీ వచ్చి ఏడిస్తే, "మాతో ఎంత బాగా మాట్లాడతారో" అని ఆయన మంచితనం ఆమెకు వర్ణించవద్దు. ఆయన మీకు చూపే ముఖం వేరు. ముందు ఆమె చెప్పేది పూర్తిగా వినండి.

ప్రభుత్వం వారి టెలీ మానస్ నంబరు 14416. ఫోను చేస్తే డబ్బు కట్టనక్కర లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు. రోగం ఉన్న మనిషి రాకపోయినా, ఇంట్లోవాళ్ళు తమ బాధ కోసం చేయవచ్చు. హైదరాబాదులో ఎర్రగడ్డ ఆసుపత్రి, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. చేయి చేసుకున్నా, ఇంట్లో బంధించినా 181కి చేయండి. 2005 గృహహింస చట్టం మాటలతో పెట్టే హింసను కూడా హింసగానే లెక్కిస్తుంది. ఈ నంబర్లున్న కాగితాన్ని గుట్కా సాహిబ్ రుమాలులో కాకుండా, మీ చేతికి వెంటనే దొరికే చోట ఉంచుకోండి.