గుర్రం కాళ్ల దగ్గర మేం

మమ్మల్ని గుర్రం మీద చూడటం మీకు అలవాటు. చిన్నప్పటి సాంఘికశాస్త్రం పుస్తకంలోకి మేం గుర్రం మీదే వచ్చాం. సినిమాల్లోనూ గుర్రాల మీదే ఊళ్ల మీద పడతాం. దుమ్ము లేస్తుంది. ఆడవాళ్లు తలుపులేసుకుంటారు. ఆ గుర్రం మీది మనిషికి గడ్డం, కత్తి, ఎర్రటి కళ్లు ఉంటాయి గానీ పేరుండదు. నాకు నలభై దాటాయి. ఆ గుర్రానికి దాణా ఎవరు పెట్టారు, దాని ఒళ్లు ఎవరు రుద్దారు అని ఇన్నేళ్లలో ఒక్కరైనా అడగగా నేను వినలేదు.

మీరు అడగలేదు సరే. మావాళ్లూ అడగలేదు. నా బాధ అది.

పోయిన ఎండాకాలం సంగారెడ్డి, పటాన్‌చెరు కుర్రాళ్లు కొందరు కలిసి రుద్రారం అవతల ఖాళీ జాగా ఒకటి కిరాయికి తీసుకుని, పిల్లలకు పది రోజుల గుర్రపు స్వారీ శిక్షణ పెట్టారు. ఉర్దూలో కరపత్రం వేశారు. దాన్ని తెలుగు చేసిపెట్టమని నా దగ్గరికి తెచ్చారు. రెండు భాషలొచ్చిన పత్రికావాడి ఇంటికి ఇట్లాంటివి వస్తూనే ఉంటాయి, పెళ్లి రుక్కా నుంచి మదర్సా రసీదు పుస్తకం దాకా. మనం షహసవార్ల ఔలాదు, మన నరాల్లో పారేది ఆ రౌతుల రక్తమే, మరిచిన విద్యను మళ్లీ నేర్చుకుందాం అని దాని సారాంశం. కింద ఫీజు. పాశమైలారం ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు పనికి పోయేవాడు ఆ అంకె చూసి కాగితం మడిచి జేబులో పెట్టుకోవాల్సిందే.

మా నానా, అంటే అమ్మ తండ్రి, జట్కా తోలేవాడు. పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా బొంబాయి రోడ్డు మీద ఆయన బతుకంతా గడిచింది. రుద్రారం గణేశ్‌గడ్డ దగ్గర బండి ఆపి గుర్రానికి నీళ్లు పట్టేవాడట. ఎవరైనా కొబ్బరికాయ కొట్టి చిప్ప ఇస్తే సగం ఆయనకు, సగం గుర్రానికి. ఇప్పటికీ ఆ గుడి ముందు లారీలు, కొత్త కార్లు పూజకు ఆగుతాయి. జట్కాలు మాత్రం లేవు. సెవెన్ సీటర్ ఆటోలొచ్చాక నానా గుర్రాన్ని అమ్మి ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర కావలికి కుదిరాడు. ఆయన చిన్న తమ్ముడు నాల్‌బంద్, లాడాలు కొట్టేవాడు. గుర్రం వెనక కూర్చోవడం నానాకు తెలుసు, గుర్రం కాలు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం ఆయన తమ్ముడికి తెలుసు. గుర్రం మీద కూర్చోవడం వాళ్లిద్దరూ ఎరగరు. మరి వాళ్ల నరాల్లో పారింది ఏ రక్తం?

మీరు తిట్టడానికి గీసిన బొమ్మనే మావాళ్లు గొప్పకు గోడకు తగిలించుకున్నారు. బొమ్మ ఒకటే. అందులో గుర్రం మీది దొర ఉన్నాడు. కళ్లెం పట్టుకుని పక్కన నడిచేవాడు మీ బొమ్మలోనూ లేడు, మా బొమ్మలోనూ లేడు. మాలో నూటికి తొంభైమంది ఆ నడిచేవాడి పిల్లలం.

గుర్రానికీ ముసల్మానుకూ ముడి పెట్టడం తెలుగులో పాత సంగతే. రాయవాచకంలాంటి పుస్తకాల్లో విజయనగరం రాజు నరపతి, ఒడ్ర రాజు గజపతి, ఢిల్లీ సుల్తాను అశ్వపతి. కానీ గుర్రం ఏ మతస్థుడి సొత్తు? 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లిలో వేయించిన శాసనం చూడండి. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని గుర్రాలు, ఏనుగులు, రత్నాలు పాత రాజులు లాక్కునేవారనీ, తాను మాత్రం సుంకం తప్ప ముట్టననీ వర్తకులకు అభయమిచ్చాడు. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద రాజనీతిలో ఏనుగులూ గుర్రాలూ తెచ్చే దూరదేశపు వర్తకుల్ని మంచి చేసుకొమ్మన్నాడు, ఆ గుర్రాలు శత్రువుకు చేరకుండా. రెండో దేవరాయలు ముసల్మాను రౌతుల్ని కొలువులోకి తీసుకుని, వాళ్ల సలాము కోసం సింహాసనం ముందు ఖురాన్ పెట్టించాడని ఫెరిష్తా రాశాడు. మనుమంచి భట్టు గుర్రాల లక్షణాల మీద తెలుగు పద్యాల్లో హయలక్షణ విలాసం రాస్తే, రంగీన్ ఉర్దూలో ఫరస్‌నామా రాశాడు. గుర్రం అందరిదీ. కొనగలిగిన వాడిదల్లా.

పదమూడో శతాబ్దం చివర్లో తమిళ తీరం చూసిన మార్కోపోలో చెప్పిన ఒక సంగతి నాకు వీటన్నిటికంటే ఇష్టం. ఏటేటా ఓడల నిండా గుర్రాలు దిగుతాయట, ఏడాది తిరిగేసరికి చాలావరకు చస్తాయట. ఎట్లా సాకాలో అక్కడివాళ్లకు తెలియదు, ఉడికించిన అన్నంలో మాంసం కలిపి పెడతారు. లాడం కొట్టేవాడు లేడు. గుర్రాలు అమ్మే వర్తకులు ఆ పనివాళ్లను అక్కడికి పోనివ్వరట, గుర్రాలు బతికితే బేరం పడిపోతుందని. ఆలోచించండి. గుర్రాన్ని అమ్మారు, గుర్రాన్ని బతికించే విద్యను దాచారు. ఆ విద్య సయీసుది, నాల్‌బంద్‌ది. అది లేని రాజు కొన్నది గుర్రాన్ని కాదు, చావబోయే జంతువుని. మా చరిత్రలో గర్వపడాల్సింది ఏదైనా ఉంటే అది ఇక్కడుంది. కరపత్రంలో దాని ఊసే లేదు.

భాషలో మాత్రం ఉంది. జీను, లగాము, రికాబు, చబుకు, దాణా, తబేలా, సవారీ, దౌడు. ఈ మాటలు తెలుగులోకి మోసుకొచ్చింది నవాబులే అనుకుంటున్నారా? తబేలాల్లో, సంతల్లో, జట్కా అడ్డాల మీద తెలుగువాడితో కలిసి పనిచేసినవాళ్లు మోశారు.

శిక్షణకు నా చిన్న కూతురు పోయింది. దించడానికీ తేవడానికీ రోజూ పోయేవాణ్ని కాబట్టి నేనూ చూశాను. ఆరు గుర్రాలు. నాలుగు బరాత్‌లకు తిరిగేవి, రెండు పందేల నుంచి దించేసినవి. పెళ్లి గుర్రం బ్యాండు మోతలో, పటాకుల మధ్య కదలకుండా నిలబడటం నేర్చింది. పందెం గుర్రం చిన్న సైగకే దూకడం నేర్చింది. ఒకదాన్ని కదిలించడం కష్టం, ఇంకోదాన్ని ఆపడం కష్టం. ఏ పిల్లను దేనిమీద ఎక్కించాలో ఉస్తాదు సయీసుని అడిగే నిర్ణయించేవాడు. చెప్పేటప్పుడు మాత్రం ఉస్తాదే చెప్పేవాడు, ఇంగ్లీషులో. హీల్స్ డౌన్, లుక్ అప్, వాక్, ట్రాట్, కాంటర్. సయీసు గుర్రం చెవి దగ్గర దక్కనీలో 'హల్లూ, హల్లూ' అనేవాడు. గుర్రం వినేది ఆ మాటే. కదమ్, దుల్కీ, సర్పట్ అని మా నానా ఎరిగిన నడకల పేర్లు ఆ పది రోజుల్లో ఎవరి నోటా రాలేదు.

విద్య మాత్రం గొప్పదే, అది కాదనను. గుర్రం వేటాడే జంతువు కాదు, వేటకు బలయ్యే జంతువు. కళ్లు పక్కలకుంటాయి, దాదాపు చుట్టూ చూస్తుంది, సరిగ్గా తన వెనకా, ముక్కు ముందూ తప్ప. అందుకే వెనక నిలబడొద్దంటారు. భయమేస్తే దానికి తెలిసిన పని పరుగు. ఒంటి మీద ఈగ వాలితే తెలుసుకునే చర్మం దానిది. ఎక్కినవాడి తొడ బిగిసినా తెలుస్తుంది, ఊపిరి బిగబట్టినా తెలుస్తుంది. పిడికిలి బిగించిన పిల్లాణ్ని అది నమ్మదు. కళ్లెం కొసన వేళ్లు మెత్తబడాలి, చూపు ముందుకుండాలి, మడమ కిందికి దిగాలి. దుల్కీలో దాని లయకు లేచి కూర్చోవడం పిల్లలకు నాలుగు రోజులకు గానీ పట్టుబడలేదు. మీదున్నవాడు సయ్యదా, దూదేకులా, రెడ్డా, మాదిగా అని గుర్రం అడగదు. బరువెట్లా కూర్చుందో మాత్రం చూస్తుంది.

తోకవైపు సంగతి ఇంకా ఉంది. గుర్రం కక్కలేదు. తిన్నది పడకపోతే కడుపునొప్పితో పొర్లుతుంది, చచ్చినా చస్తుంది. అందుకే సయీసు తెల్లారి లేవగానే చూసేది లద్ది. ఎంత వేసింది, గట్టిగా ఉందా, పలచగా ఉందా. తర్వాత గిట్టల్లో ఇరుక్కున్న రాళ్లు తీస్తాడు. జీను పట్టీ కింద చెయ్యిపెట్టి పుండు తగిలిందేమో చూస్తాడు. ఇవేవీ శిక్షణలో లేవు. పిల్లలొచ్చేసరికి గుర్రం కడిగి, తుడిచి, జీను వేసి సిద్ధంగా ఉండేది. దిగగానే కళ్లెం విసిరేసి నీళ్ల సీసాల దగ్గరికి పరుగెత్తేవారు. ఉస్తాదు వాళ్లకు సర్. సయీసు వాళ్లకు 'అరే ఘోడేవాలే'. బీదర్ నుంచి వచ్చిన ఆ మనిషికి నా వయసుంటుంది. పేరు మా పిల్లల పేర్లలాంటిదే. మూడో రోజు నా కూతురూ అట్లాగే పిలిచింది. ఇంటికొచ్చాక నానా సంగతి చెబితే, ఆయన్ని కూడా అట్లాగే పిలిచేవారా అని అడిగింది. పిలిచేవారనే చెప్పాను.

రౌతును పైనా సయీసును కిందా నిలబెట్టిన శిక్షణ ఈ కుర్రాళ్లు కనిపెట్టింది కాదు. హైదరాబాదులో 1923లో జాగీర్దార్ల కొడుకుల కోసం జాగీర్దార్స్ కాలేజీ తెరిచారు. స్వారీ అక్కడి చదువులో భాగం. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1951లో అది పబ్లిక్ స్కూలయింది. పేరు మారినా ఫీజు కట్టగలిగినవాడిదే బడి. శివరాంపల్లి పోలీసు అకాడమీలో ఐపీఎస్‌లకు ఇప్పటికీ స్వారీ నేర్పుతారు. జీపులూ కంప్యూటర్లూ ఉన్న కాలంలో గుర్రం ఎందుకంటే ధైర్యం, నాయకత్వం వస్తాయంటారు. కానీ రోజూ అదే గుర్రంతో తెల్లారే సయీసుకు నాయకత్వం ఎందుకు రాలేదో ఎవరూ చెప్పరు. ఇంకోవైపు ఎన్‌సీసీలో రీమౌంట్, వెటర్నరీ విభాగం పశువైద్య కళాశాలల దగ్గర మామూలు పిల్లల్నీ గుర్రం ఎక్కిస్తుంది. వైద్యమూ స్వారీ ఒకచోట ఉండటం నాకు నచ్చుతుంది.

గుర్రమెక్కడం ఈ దేశంలో ఆట ఒక్కటే కాదు. 2018 మార్చిలో గుజరాత్ భావ్‌నగర్ జిల్లాలో ఒక దళిత యువకుణ్ని చంపేశారు. సొంత గుర్రం ఎక్కి తిరుగుతున్నందుకే చంపారని అతని తండ్రి ఫిర్యాదు చేశాడు. బరాత్‌లో గుర్రమెక్కిన దళిత పెళ్లికొడుకుని దించారన్న వార్త ఏటా డెస్కు మీదికి వస్తూనే ఉంటుంది. ఆ వార్త దిద్దేటప్పుడు అది మాకు సంబంధం లేని హిందువుల గొడవ అనే మావాళ్లున్నారు. నిజమేనా? పెళ్లి సంబంధమొస్తే మన దగ్గర మొదట అడిగేదేంటి? సయ్యదులా, పఠాన్లా, ఏం పని చేసేవాళ్లు అనే కదా. 2007లో బీసీ-ఈ జాబితా వచ్చినప్పుడు అందులో హజాములు, ధోబీలు, ఫకీర్లు, గారడీవాళ్లు వరసగా కనబడ్డారు. ఇస్లాంలో కులం లేదని ఉపన్యాసాలిచ్చిన నోళ్లు ఆ కాగితం చూసి మూతబడ్డాయి. నాల్‌బంద్ మనవరాలినివ్వమంటే ఈ షహసవార్లు ఎంతమంది ముందుకొస్తారు?

బెంగళూరు కుర్రాడు ఫువాద్ మీర్జా 2018 జకార్తా ఆసియా క్రీడల్లో ఈవెంటింగ్‌లో వెండి పతకం గెలిచాడు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో 23వ స్థానంలో నిలిచాడు. మావాళ్ల ఫోన్లన్నీ రక్తం, ఖాన్దాన్ అని మోగాయి. అతని తండ్రి గుర్రాల డాక్టరు. పిల్లాడు తబేలాలో పెరిగాడు, జర్మనీ పోయి ఏళ్లతరబడి నేర్చుకున్నాడు. ఇందులో రక్తం చేసిన పనేంటి? ఢిల్లీ తీన్‌మూర్తి చౌరస్తాలో మొదటి ప్రపంచయుద్ధంలో పోయిన రౌతుల గుర్తుగా మూడు విగ్రహాలున్నాయి, జోధ్‌పూర్, మైసూరు, మూడోది మన హైదరాబాద్ రిసాలాది. చూశారా ఎప్పుడైనా? గుర్రాలు లేవు. ముగ్గురూ నేల మీదే నిలబడి ఉంటారు.

పిల్లలకు ఈత, విలువిద్య, స్వారీ నేర్పమన్న మాట కరపత్రం తలమీద అచ్చేశారు. మంచిదే. అయితే బుఖారీలో గుర్రాల మీద ఇంకో హదీసుంది. గుర్రం ఒకడికి పుణ్యం, ఒకడికి బతుకుతెరువు, అక్కరకు అడ్డం. డాబుకోసం, గొప్పకోసం పెంచేవాడికి అదే పాపభారం. జంతువు ఒకటే, ఎందుకు కట్టేసుకున్నావన్నది లెక్క. మా నానా లెక్క నాకు తెలుసు. ఆయన గుర్రం కింద ఎనిమిదిమంది తిన్నారు. ఈ పది రోజుల శిక్షణ ఏ లెక్కలోకి వస్తుందో నేను తీర్పు చెప్పను. అడుగుతాను.

ఊళ్లో పీర్ల పండుగ చూసినవాళ్లకు నాల్ సాహెబ్ పీరు తెలుసు. గుర్రం లాడం ఆకారంలో ఉంటుంది. కర్బలా నుంచి రౌతు లేకుండా తిరిగొచ్చిన గుర్రాన్ని తలుచుకుని ఏడుస్తారు. ముసల్మాన్లే కాదు, మొక్కుకున్న రెడ్లు, గొల్లలు, మాదిగలు ఆ లాడం ముందు కుడకలు, మలీదా పెడతారు. అంత పెద్ద కథలో ఊరు ఎత్తుకుని తిరిగేది కిరీటాన్ని కాదు, లాడాన్ని. ఇది షిర్క్ అని ఇప్పుడు మావాళ్లే కొందరు మాన్పిస్తున్నారు. ఆ వాదన ఇంకోసారి.

దసరా సెలవులకు రెండో విడత పెడుతున్నారు. మొదటి రెండు రోజులు పిల్లల్ని జీను ముట్టనివ్వొద్దనీ, సయీసు దగ్గర తబేలా పని నేర్పించాలనీ, అతన్ని కూడా ఉస్తాద్ అనే పిలవాలనీ నేను అడ్డం పడ్డాను. "లద్ది ఎత్తడానికి ఎవరు పైసలు కడతారు భాయిజాన్?" అన్నాడు ఒకడు. ఇంకొకడు, చిన్నవాడు, తనే ముందు ఎత్తుతానన్నాడు. సంగతి బయటికి పొక్కగానే ఇద్దరు తండ్రులు పిల్లల పేర్లు వాపసు తీసుకున్నారు. మిగతావాళ్లు ఒప్పుకున్నారు. ఇప్పుడు గొడవ వేరే. సయీసు నేర్పినందుకు ఉస్తాదుకిచ్చినట్టే అతనికీ ఇవ్వాలా, లేక ఉన్న కూలిలోనే సరిపెట్టాలా అని. పోయిన జుమ్మా నమాజు తర్వాత మసీదు మెట్ల మీద గంటసేపు వాదించుకున్నాం. అతన్నే అడుగుదామన్నాను. అప్పటికతను ఒక పెళ్లికి గుర్రం తోలుకుని సదాశివపేట పోయాడు.