తోట నాదే, కాపు కాదు

విజయనగరంలో ఒక మాస్టారు. రిటైరయ్యాక ఊళ్ల చరిత్ర మీద పడ్డారు. దొరికిన కాగితమల్లా ఫొటో తీసి ఇంటర్నెట్లో పెట్టేవారు. "చరిత్ర అందరి సొత్తు" అనేవారు.

నాగావళి ఒడ్డున ఒక పల్లెలో, మామిడితోట గల ముసలమ్మ అటక మీది ట్రంకుపెట్టె దింపించి ఉత్తరాల కట్ట ఇచ్చింది. కరువు రోజుల్లో వాళ్ల నాన్నకు ఆయన స్నేహితుడు రాసినవి. "సెదలు తినేస్తన్నాయి, పట్టుకెళిపో బాబూ" అంది. మాస్టారు కట్టంతా ఇంటర్నెట్లోకి ఎక్కించేశారు.

నెల తిరక్కుండా ఫోను. "ఆ ఉత్తరాలు రాసిన మా తాతగారికి వారసురాలిని నేనొక్కదాన్నే. ఆయన మాటలు, మా ఇంటి జబ్బుల సంగతులతో సహా, ఎవరినడిగి పెట్టారండీ?"

మాస్టారికి ఒళ్లు మండింది. ఇచ్చినావిడ చేతే చెప్పిద్దామని పల్లెకు బయల్దేరారు. ఎండలో నడిచొచ్చి, చేతికందిన పండు కోయబోతే ముసలమ్మ అడ్డొచ్చింది.

"ముట్టుకోకు బాబూ!"

"తోట నీదే కదమ్మా?"

"తోట నాదే. ఈ యేడు కాపు షావుకారికి అమ్మేసినాం. నాను సెప్పినా నువ్వు కొయ్యకూడదు."

"మరి ఎప్పుడు కోసుకోవాలి?"

"ఆడు కాయ దింపుకుని ఎల్లిపోయాక, మిగిలింది ఎవులు ఏరుకున్నా అడిగీవోడు లేడు."

మాస్టారు వచ్చిన పని చెప్పలేదు. ఇంటికెళ్లి ఉత్తరాలు తీసేసి, ఆ మనవరాలి గుమ్మం ఎక్కారు. ఆవిడ ఇంటి గుట్టున్న రెండు పక్కన పెట్టి, మిగతావాటికి కాగితం మీద అనుమతి రాసిచ్చింది. పైగా లోపలికెళ్లి ఇంకో కట్ట తెచ్చింది. ముసలమ్మ నాన్న రాసిన జవాబులు!

మాస్టారు ఫోను బయటికి తీయలేదు. ఆ జవాబులకు సెలవడగడానికి మళ్లీ పల్లె బస్సెక్కారు.

నీతి: ఉత్తరం అందుకున్నవారిది కాగితమే, మాటలు రాసినవారివి, ఆపైన వారసులవి. కరువు కథ మన మాటల్లో చెప్పడానికి ఎవరి సెలవూ అక్కర్లేదు, వాళ్ల మాటలే ఎత్తి పెట్టాలంటే అడగాలి. మన 1957 కాపీరైటు చట్టం లెక్కలో, రచయిత ఉండగా అచ్చయిన రచనకు ఆయన పోయిన ఏడాది దాటాక 60 ఏళ్లు కాపలా. పోయాక తొలిసారి అచ్చయినదానికి ఆ 60 ఏళ్లు అచ్చయిన ఏడాది దాటాక మొదలు. గురజాడ 1915లో, గిడుగు 1940లో పోయారు. వాళ్లుండగా అచ్చయిన పుస్తకాలు కాయ దింపేసిన తోటలు, ఎవరైనా ఏరుకోవచ్చు. తక్కినచోట, కావలివాడు కనబడలేదని కాపు మనదైపోదు.