పాట లోపలికి, పాడినామె బయటికి

1963 అక్టోబరులో ఫ్రెంచి గాయని ఎడిత్ పియాఫ్ చనిపోతే పారిస్ వీధుల నిండా జనమే. చర్చి మాత్రం ఆమెకు అంత్యక్రియల పూజ చెయ్యనంది. విడాకులు తీసుకుని మారుమనువు చేసుకున్న మనిషి, కాబరేల్లో పాడి పైకొచ్చిన మనిషి, అందరికీ తెలిసేలా పాపంలో బతికిన మనిషి అని లెక్క తేల్చారు. యాభై ఏళ్లు పోయాక, 2013లో, అదే పారిస్‌లో ఆమె పేరు మీద ఆ పూజ జరిపించారు. నడుమ ఏం మారింది? సమాధిలో ఉన్నామె మారదు కదా. గడప దగ్గర కాపలా ఉన్నవాళ్లు మారారు.

నాకు ఫ్రెంచి రాదు. కర్ణాటకలో శ్రీనివాసపుర తాలూకా గౌనిపల్లిలో ఉంటూ చుట్టుపక్కల పల్లెల్లో కురుక్షేత్రం లాంటి పౌరాణిక నాటకాలు నేర్పించే హార్మోనియం మేష్ట్రుని. మనవరాలు ఫోన్లో పెట్టి ఆమె పాట వినిపించింది. మాట ఒక్కటీ తెలియలేదు గానీ ర అక్షరాన్ని గొంతులో గరగరలాడించే ఆ తీరు వింటే, మైకుల్లేని రోజుల్లో చివరి వరసలో కూర్చున్నవాడికి పద్యం అందించిన మా పాతకాలం నటులు కళ్లముందు మెదిలారు. ఆ తర్వాత ఆమె కథ అడిగి తెలుసుకున్నాను. పుట్టింది 1915లో. తల్లి వీధుల్లో పాడేది, తండ్రి పిల్లిమొగ్గలు వేసి పొట్టపోసుకునేవాడు. బెర్నే అనే ఊళ్లో నాయనమ్మ వేశ్యల ఇల్లు నడిపేది. పిల్ల కొన్నాళ్లు అక్కడే పెరిగింది. చిన్నతనంలో తనకు చూపు పోతే ఆ ఇంటి ఆడవాళ్లే లిజ్యూలో సెయింట్ తెరేస్ సమాధికి తీసుకెళ్లి మొక్కారని, చూపు తిరిగొచ్చిందని పియాఫ్ చెప్పుకునేది. అదెంత నిజమో అని జీవితచరిత్రలు రాసేవాళ్లు వాదులాడుకుంటారు. నాకా వాదం అక్కర్లేదు. ఆమె బతికినన్నాళ్లూ తెరేస్‌ను నమ్ముకుంది. ఆ నమ్మకం ఆమెకు పట్టించింది ఎవరు? ఏ మర్యాదస్తుడూ పగటిపూట పలకరించని ఆడవాళ్లు.

మన దగ్గర బెంగళూరు నాగరత్నమ్మ ఉంది. 1878లో నంజనగూడు దగ్గర పుట్టింది, దేవదాసి పుట్టలక్ష్మి కూతురు. కన్నడ దేశంలో పెరిగి తెలుగు, సంస్కృతం క్షుణ్ణంగా చదువుకుంది. మైసూరు, బెంగళూరు, ఆపైన మద్రాసు. పాడి ఆదాయపు పన్ను కట్టేటంత సంపాదించింది. తెలుగువాళ్లు ఆవిడ పేరు తలిచేది రెండు పనుల వల్ల. దేవదాసి కవయిత్రి ముద్దుపళని రాసిన శృంగారకావ్యం రాధికాసాంత్వనాన్ని, అంతకుముందు అచ్చులో ఎగరగొట్టిన పద్యాలతో సహా పరిష్కరించి 1910లో వావిళ్లవారి ద్వారా వెలువరించింది. 1921 నుంచి తిరువయ్యారులో పాడుబడిన త్యాగరాజస్వామి సమాధిని పట్టించుకుని, తన డబ్బు, తన నగలు పెట్టి గుడి కట్టించి, 1926 జనవరిలో ప్రతిష్ఠ చేయించింది.

ఈ రెండు పనుల్ని మనం చెప్పుకునే పద్ధతి ఒకటుంది. మొదటిది తెలియక చేసిన తప్పు, రెండోది దానికి ప్రాయశ్చిత్తం అన్నట్టు. సభల్లో ఉపన్యాసకులు మొదటిదాన్ని ఒక దగ్గుతో దాటేసి తిరువయ్యారుకు పరిగెత్తుతారు. పుస్తకం అచ్చు వేసినందుకు ఆవిడ విచారపడిన దాఖలా మాత్రం నాకెక్కడా కనబడలేదు. పైగా పోట్లాడింది. ఆంధ్ర కవుల చరిత్రలో వీరేశలింగం పంతులుగారు ముద్దుపళనిని వేశ్య గనక సిగ్గు విడిచి రాసిందన్న ధోరణిలో దులిపేస్తే, నాగరత్నమ్మ పీఠికలోనే నిలదీసింది: సిగ్గు ఆడవాళ్లకేనా, మగవాళ్లకు అక్కర్లేదా? మీరు పరిష్కరించి అచ్చుకు తగునన్న వైజయంతీవిలాసంలో ఇంతకన్నా పచ్చిగా లేదా? ఇంగ్లీషు ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. ప్రకాశం పంతులుగారు మద్రాసు ప్రధానిగా వచ్చేదాకా ఆ నిషేధం తొలగలేదు.

ఆవిడ ఎత్తిచూపిన పుస్తకం మామూలుది కాదు. సారంగు తమ్మయ్య వైజయంతీవిలాసం విప్రనారాయణుడి కథ. దేవదేవి అనే వేశ్య మోహంలో పడి భ్రష్టుడైన భక్తుణ్ణి రంగనాథుడు మళ్లీ దగ్గరికి తీసుకుంటాడు. అంటే భక్తి కావ్యంలో వేశ్య ఉండొచ్చు, ఎంత శృంగారమైనా ఉండొచ్చు, కలం మగవాడి చేతిలో ఉంటే. క్షేత్రయ్య ఆడగొంతు పెట్టుకుని మువ్వగోపాలుణ్ణి పిలిస్తే జీవాత్మ పరమాత్మ అని వ్యాఖ్యానం చెబుతాం. ఆ పదాలను నోట నిలిపి, ఇన్ని తరాలు దాటించింది దేవదాసీలు. వాళ్లు పిలిస్తే మాత్రం అది వృత్తి.

శాస్త్రాలు వేశ్యను పూర్తిగా వెలివేశాయని నేననను. భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత చెప్పుకున్న ఇరవై నలుగురు గురువుల్లో పింగళ ఉంది. విటుడి కోసం అర్ధరాత్రి దాకా ఎదురుచూసి, విసిగి, ఆశ వదిలేసి, హాయిగా నిద్రపోయింది. ఆ నిద్రే ఆమె జ్ఞానం. లీలాశుకుడు శ్రీకృష్ణకర్ణామృతాన్ని చింతామణి అనే వేశ్య పేరుతోనే ఎత్తుకుంటాడు. గొప్ప చోటే ఇచ్చారు. అయితే షరతు ఒకటుంది: మానుకోవాలి. పింగళ ఆశ మానుకుంది, చింతామణి విరాగిణి అయింది, దేవదేవి చివరికి రంగనాథుడి భక్తురాలైంది. నాగరత్నమ్మ ఏం మానుకుంది? ఏ సంగీతం అమ్ముకుని బతికిందో ఆ సంగీతాన్నే సమాధి ముందు పెట్టింది. ఏ రాబడిని జనం మైల అన్నారో ఆ రాబడితోనే గోడలు లేపింది. పియాఫ్ కూడా అంతే. కాబరేలో పాడిన గొంతుతోనే ప్రార్థన చేసింది. ప్రార్థనకని వేరే గొంతు తెచ్చుకోలేదు.

మా భజనల్లో కైవారం తాతయ్య తత్వాలు పాడతాం. ఆయన గాజుల మలారం మోసుకుని ఊరూరా తిరిగినాయన. ఆ వృత్తి గురించి చెప్పేటప్పుడు మాకెంత ముచ్చటో! ఆడవాళ్ల చేతులు పట్టుకుని గాజులు తొడిగిన బతుకులోంచే జ్ఞానం పుట్టిందంటాం. ఒకరి బతుకుతెరువు తత్వానికి శోభ, ఒకరిది మచ్చ. ఈ తేడా దేవుడు చెప్పింది కాదు.

తిరువయ్యారులోనూ అదే జరిగింది. అక్కడ త్యాగరాజ ఆరాధన నడిపే మగవాళ్లు రెండు కచ్చీలుగా, అంటే జట్లుగా, చీలి ఒకరితో ఒకరు పోట్లాడుకున్నా, ఆడవాళ్లను పాడనివ్వకూడదన్న విషయంలో మాత్రం తగాదా లేదు. గుడి కట్టించినామెకు గుడి ముందు పాడే హక్కు లేదు. 1927లో ఆవిడ ఆడవాళ్ల కచ్చి పెట్టి, గుడి వెనకవైపు వేరేగా ఆరాధన మొదలుపెట్టింది. అన్ని కచ్చీలు కలిసేసరికి 1940 వచ్చింది. ఇప్పుడు పుష్య బహుళ పంచమినాడు పంచరత్నాలు అందుకునే గొంతుల్లో ఎందరు ఆడవాళ్లో లెక్కపెట్టలేం. 1952లో ఆవిడ పోయింది. ఆవిడ సమాధి స్వామికి ఎదురుగానే ఉంది.

ఇక్కడ ఒక ఎదురు మాట నేనే చెప్పాలి. దేవదాసీ పద్ధతిని తీసెయ్యాలని డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డిగారు పట్టుబట్టినప్పుడు నాగరత్నమ్మ ఆవిడకు ఎదురు నిలిచినవాళ్లలో ఉంది. ఆ విషయంలో నేను డాక్టరమ్మ పక్షమే. నాగరత్నమ్మకు చదువు, గొంతు, డబ్బు ఉన్నాయి. మా సీమలో బసివిని చేసి గుడికి వదిలిన ఆడపిల్లలకు ఏముండేది? వాళ్లను ఎవరూ ఇష్టం అడగలేదు. 1947లో మద్రాసు చట్టం రావడం న్యాయమే. కానీ పద్ధతిని తీసేసినవాళ్లలో చాలామంది ఆ మనుషుల మీద చులకనను మాత్రం దాచిపెట్టుకున్నారు. పాట, ఆట, అభినయం తీసుకుని పేరు మార్చి పెద్దింటి పిల్లలకు నేర్పించారు. పాడిన వంశాలు ఇంటిపేర్లు దాచుకుని బతికాయి.

నా పనిలో ఇది ప్రతి ఏడూ కంటబడేదే. పల్లెలో నాటకం అంటే మొగవాళ్లు డబ్బు కట్టి వేషం కొనుక్కుంటారు. దుర్యోధనుడి వేషానికి రేటు జాస్తి. ద్రౌపదికి, కుంతికి, రుక్మిణికి బెంగళూరు నుంచి నటీమణులను పిలిపిస్తాం. వాళ్లకు మేం డబ్బిస్తాం. కట్టినవాడిది కళాసేవ, పుచ్చుకున్నామెది పొట్టకూడు! రాత్రంతా ఆమె అందుకున్నప్పుడే నాటకం లేస్తుంది. మావాడు పద్యం మరిచిపోతే కంటిసైగతో అందించేదీ ఆమే. వస్త్రాపహరణం సీనులో ముసలమ్మలు నిజంగా దణ్ణం పెట్టి హారతి పళ్లెంలో చిల్లర వేస్తారు. కృష్ణుడి వేషగాడు మధ్యాహ్నం నుంచీ సారా మీదే ఉంటాడు, అతనికీ హారతి పడుతుంది, ఆ వాసన ఎవరికీ అడ్డం రాదు. తెల్లారి రంగు కడిగాక మా కృష్ణుడు మా ఇంటివాడే. ద్రౌపదికి మాత్రం సంగటి, చారు బయట పందిట్లో.

ఈ సంగతులన్నీ మా పురాణం అయ్యవారితో వాదించాను. మంచి మనిషి, చదువుకున్నవాడు. గీత తొమ్మిదో అధ్యాయం తీశాడు: ఎంత దురాచారుడైనా అనన్యంగా భజిస్తే సాధువనే ఎంచాలని భగవంతుడే అన్నాడు కదా, ఇంకేం కావాలి నీకు అని. ఆ మాట గొప్పది, కాదనను. కానీ అది క్షమాపణ పత్రం. ముందు దురాచారం అని రాసుకుని, తర్వాత కొట్టేస్తారు. నాగరత్నమ్మ ఆ పత్రానికి అర్జీ పెట్టుకోలేదు. ఎన్నో ఏళ్లుగా మా దగ్గర కుంతి వేసే ఒకావిడ పక్కనే కూర్చుని రంగు తుడుచుకుంటూ ఈ వాదన వింది. "ఆయప్ప క్షమించేదానికి నేనేం చేస్తిని మేష్ట్రా? పద్యం తప్పు పాడ్తినా?" అంది. అయ్యవారు నవ్వేశాడు. నేను నవ్వలేకపోయాను. దేవుడు పాపిని కూడా దగ్గరికి తీస్తాడా అన్న ప్రశ్న పెద్దదని ఇన్నాళ్లూ అనుకున్నాం. పాపమని రాసే పని ఎవరికి అప్పగించారు అన్నది దానికన్నా ముందు అడగాల్సిందని నాకిప్పుడు తోస్తోంది.

ఈ శివరాత్రి నాటకానికి కరపత్రం తయారవుతోంది. మొగవేషాలకు ఒక్కొక్కరి పేరు, తండ్రి పేరు, ఫోటో. కింద ఒకే వరస: స్త్రీ పాత్రలు, బెంగళూరు కళావిదులు. కుంతి పేరు, ద్రౌపది పేరు కూడా వెయ్యాలని నేను పట్టుబట్టాను. చోటు లేదన్నారు మండలివాళ్లు. హార్మోనియం మేష్ట్రు ఫోటో తీసేస్తే చోటొస్తుందని చెప్పి ప్రూఫు నా దగ్గరే పెట్టుకున్నాను. ప్రెస్సువాడు రోజూ ఫోన్ చేస్తున్నాడు.