శిఖరం కింద రాసిన పేర్లు

తంజావూరు పెద్దగుడి ప్రాంగణంలోకి అడుగుపెట్టిన యాత్రికులు తలెత్తి చూడకుండా ఉండలేరు. రాజరాజ చోళుడు 1010లో పూర్తిచేయించిన బృహదీశ్వరాలయ విమానం 200 అడుగులు దాటి నిలుస్తుంది. ఆ ఎత్తును ఫొటో తీసుకుని, దర్శనం ముగించుకుని తర్వాతి ఊరికి బయల్దేరేవారే ఎక్కువ. ప్రదక్షిణ చేస్తూ చూపు కిందికి దించినవారికి అక్కడ మరో దర్శనం దొరుకుతుంది.

విమానం అడుగున ఉన్న అధిష్ఠానం పొడవునా తమిళ శాసనాలున్నాయి. తానిచ్చిన కానుకలతోపాటు అక్క కుందవై, రాణులు, ఇతరులు సమర్పించినవి కూడా రాతిపై చెక్కమని రాజరాజే ఆజ్ఞాపించాడు. స్వామి సేవకు వచ్చిన దాదాపు 400 మంది నర్తకీమణుల పేర్లు, వారు ఏ వీధిలో ఏ ఇంట్లో ఉండేవారో అన్న వివరాలతో సహా కనిపిస్తాయి. గొడుగు పట్టేవారు, బట్టలుతికేవారు, కుండలు చేసేవారు, దర్జీలు, అందరికీ ఆలయ శాసనాల్లో చోటుంది.

దీపాల లెక్క ఇంకా మనసుకు హత్తుకుంటుంది. ఒక్క అఖండ దీపానికి 96 గొర్రెలు దానమిచ్చేవారు. మందను తీసుకున్న కాపరి రోజూ కొలత ప్రకారం నెయ్యి పోయాలి. గర్భగుడిలో వెలిగిన ఆ దీపం వెనుక ఎండకూ వానకూ వెరవక గొర్రెలు కాసినవాడి దినచర్య ఉంది. అదీ శివపూజే.

రాజరాజు కుమారుడు రాజేంద్రుడు గంగాజలం తెప్పించి, గంగైకొండ చోళపురాన్ని రాజధానిగా కట్టుకున్నాడు. అక్కడి ఆలయ గోడపై పార్వతీ సమేతుడైన శివుడు, తన పాదాల చెంత కూర్చున్న చండీశ్వరుడి తలకు స్వయంగా పూలమాల చుడుతున్నాడు. ఆవులు కాస్తూ ఇసుక లింగానికి పాలతో అభిషేకం చేసిన బాలుడతడు. గంగాతీరం దాకా సేనలను పంపిన చక్రవర్తి, తన గుడిలో భగవంతుడి చేత సత్కారం పొందే చోటును ఆ బాలుడికిచ్చాడు.

కుంభకోణం పక్కనే ఉన్న దారాసురంలో, 12వ శతాబ్దంలో రెండవ రాజరాజు కట్టించిన ఐరావతేశ్వరాలయం ఉంది. రథంలా మలచిన మండపం దగ్గరే జనం ఆగిపోతారు. ప్రధానాలయం అడుగుభాగంలో చిన్న చిన్న ఫలకాలపై శివభక్తులైన అరవై ముగ్గురు నాయనార్ల కథలున్నాయి. వాటిని చూడాలంటే వంగాలి, ఒక్కోచోట నేలమీద కూర్చోవాలి. ఆ నాయనార్లలో కుమ్మరి, చాకలి, జాలరి ఉన్నారు. వేటగాడు కన్నప్ప ఉన్నాడు.

ఈ మూడు ఆలయాలూ యునెస్కో వారసత్వ జాబితాలో ఉన్నాయి, మూడింటా నిత్యపూజలు సాగుతున్నాయి. పొద్దున్నే వెళ్తే రాళ్లు కాళ్లను కాల్చవు, శిల్పాలను తీరిగ్గా చూడొచ్చు. తిరుగుదారిలో శ్రీకాళహస్తిలో ఆగే తెలుగు యాత్రికులు వాయులింగాన్ని దర్శించాక కొండపై ఉన్న కన్నప్ప గుడికీ ఎక్కాలి. దారాసురం రాతిలో చోటు దొరికిన మన కన్నప్ప అక్కడ నిత్యం పూజలందుకుంటున్నాడు.